ఆపా వాళ్ల ఊరి మంటగుట్ట

మా అత్తగారి చేను ఇబ్రహీంపట్నం నుంచి మన్నెగూడ వైపు పోయే బండ్లబాట పక్కన ఉండేది. ఆ దిక్కున ఎటు చూసినా తెల్లబండలే, ఎవరో ఒకదాని మీద ఒకటి ఎత్తి పెట్టినట్టు. మా చేనులో మాత్రం ఒక మూల నుంచి ఇంకో మూలకు నల్లరాళ్ల వరస ఒకటి అడ్డంగా సాగేది. దున్నేటప్పుడు అక్కడ నాగలి ఎత్తి దాటించాల్సి వచ్చేది. ఎండాకాలంలో ఆ రాళ్ల మీద ఉత్త కాళ్లతో నడవలేము. గడ్డపార తగిలితే ఇనుము మీద ఇనుము పడ్డట్టు మోగేవి. వాటిని అక్కడ ఎవరు పేర్చారని కొత్తలో మా మామగారిని అడిగాను. తాను పుట్టినప్పటి నుంచి అట్లాగే ఉన్నాయని, అంతకన్నా తనకు తెలియదని చెప్పారాయన.

నిజాం రాజ్యం ఇంకా గట్టిగా ఉన్న రోజులవి. మామగారు ఆ వరసకు దిగువన బావి తవ్విస్తున్నారు. రెండు ఎండాకాలాలు తవ్వినా పైన మొరం, కింద బండ తప్ప తడి లేదు. ఆ మధ్యలోనే నాకు తొలి కాన్పు అయింది. ఆడపిల్ల. ఏడుపు వినబడలేదు. మంత్రసాని ఆ బిడ్డను నాకు చూపించకుండానే గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. ఆ తరువాత చాలాకాలం నేను అవసరమైతే తప్ప మాట్లాడలేదు. మా అత్త నన్నేమీ అడగలేదు, ఓదార్చనూ లేదు. వడ్లు దంచే పని మాత్రం నా చేతిలోంచి తీసేసి, గేదెల పాలు పితకడం, పోయడం నాకు అప్పగించింది. పాలు పోయాలంటే నాలుగిళ్లు తిరగాలి, నలుగురి ముఖాలు చూడాలి. అందుకే ఆ పని నాకు ఇచ్చిందని చాలా ఏళ్ల తరువాత అర్థమైంది.

వానలు వెనకబట్టాక చింతతోపులో డేరాలు లేచాయి. సర్కారు తరపున రాళ్లను చూసే ఆఫీసరు వచ్చాడన్నారు. నేల కొలిచేవాళ్లను, శిస్తు వసూలు చేసేవాళ్లను చూశాం గానీ, రాళ్లను చూడడానికి జీతమిచ్చి మనిషిని పంపుతారంటే మా వాడలో ఎవరూ నమ్మలేదు. ఆయన నడివయసు దాటిన మనిషి. ఖాకీ కోటు, చేతిలో చిన్న సుత్తె. పిల్లలు లేరు కాబట్టి ఇంట్లో ఒంటరిగా వదలలేక భార్యను కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ డేరాకు పాలు నేనే పోయాలి.

మొదటి రోజు భయపడుతూనే పోయాను. పరదాలో ఉండే బేగం అంటే ఎట్లా ఉంటుందో, ఏ భాషలో మాట్లాడాలో తెలియదు. తీరా చూస్తే ఆమె డేరా వెనక కూర్చుని, మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది. నన్ను చూసి, రొట్టె తిరగేస్తూనే, "ఎండల వచ్చినవ్, జర కూసో చెల్లె" అంది. అచ్చం మా భాషే. వికారాబాదుకు ఇంకా పడమర తమ పుట్టినూరని, చిన్నప్పుడు తెలుగువాళ్ల పిల్లలతోనే ఆడుకున్నానని చెప్పింది. నేను దొరసాని అని పిలవబోతే వద్దని, ఆపా అని పిలవమంది. అంటే అక్క అని. ఆ రోజు నుంచి ఆమె నాకు ఆపా.

ఆమె పక్కన నేల మీద పాత గుడ్డ పరిచి, దాని మీద రాళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. అందులో మా చేను నల్లరాయి ముక్క కూడా ఉంది. అవి తన భర్త ఏరిపెట్టినవని, కోడి తొక్కకుండా కాపలా కాస్తున్నానని నవ్వింది. ఈ రాయి ఒకప్పుడు నీళ్లలాగా పారిందని ఆమె చెప్పినప్పుడు, నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను.

"రాయి కరుగుతదా ఆపా?"

"అవ్. బెల్లం కరిగినట్లు కరుగుతది. గంత మంట భూమిల ఉంటది. అట్లు పోస్తవు గద నువ్వు. పిండి పలుచగ ఉంటే ఏమైతది? పెనమంత పారుతది. గట్టిగ ఉంటే పడ్డకాడ్నే కుప్ప అయితది. భూమిల నుంచి వచ్చే రాయి గూడ గంతే."

గట్టిగా వచ్చినది కుప్పలా నిలిచి నిటారు కొండ అవుతుందట. పలుచగా వచ్చినది దూరదూరాలకు పారి, పొర మీద పొర పరుచుకుని, చివరకు బోర్లించిన మూకుడు లాంటి గుట్ట అవుతుందట. అట్లాంటి గుట్ట ఒకటి తమ ఊళ్లోనే ఉందని ఆమె చెప్పింది. దాన్ని ఊరివాళ్లు గుట్ట అని కూడా అనేవాళ్లు కాదు, మిట్ట అనేవాళ్లు. దాని మీద జొన్నలు వేసేవాళ్లు. నడినెత్తిన చిన్న పల్లం. వానాకాలం అందులో నీళ్లు నిలిస్తే బర్రెలు దిగేవి.

ఆ మిట్ట వల్లనే ఆమె పెళ్లి జరిగింది. ఆఫీసరు అప్పటికి కుర్రవాడు, కొత్తగా కొలువులో చేరినవాడు. ఆ ఊరి వాగు ఒడ్డున రాళ్లు చూస్తూ చూస్తూ వాళ్ల నాన్న ఇంట్లో మకాం పెట్టాడు. ఆ మిట్ట నుంచే ఒకప్పుడు మంటరాయి పొంగి పారిందని ఆయన అనుమానం. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఎక్కడో పెద్ద పగుళ్లలోంచి పారి వచ్చిన రాయే ఆ దిక్కంతా పరుచుకుందని, ఈ మిట్టలో ప్రత్యేకం ఏమీ లేదని అన్నారట. ఆయన మళ్లీ చూస్తానని మరుసటి ఏడు వచ్చాడు, ఆ పై ఏడు కూడా వచ్చాడు.

"నా కోసం వచ్చిండని మా అమ్మీ అనుకున్నది," అంది ఆపా. "కాదు. గా గుట్ట కోసమే వచ్చిండు. నేను మధ్యల దొరికిన."

చెప్పి చాలాసేపు నవ్వింది. బిడ్డ పోయాక నేను నవ్వడం కూడా అప్పుడే మొదటిసారి.

అట్లా పొద్దున పాలు పోయడానికి పోతే పొద్దెక్కేదాకా అక్కడే ఉండేదాన్ని. ఆలస్యమైందని మా అత్త ఎన్నడూ అనలేదు. ఆపా రొట్టెలు చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఆ మిట్ట సంగతులు చెప్పేది. వాగు కోసిన చోట దాని కడుపు కనబడుతుందట. అడుగున నల్లరాయి పొర. దాని మీద బెత్తెడు ఎర్రమట్టి. ఆ పైన మళ్లీ నల్లరాయి, మళ్లీ ఎర్రమట్టి. ఒకసారి పొంగి పారిన రాయి చల్లారి, ఎండకు వానకు నలిగి మట్టి అయింది. దాని మీద గడ్డి మొలిచింది. అప్పుడు మళ్లీ పొంగింది. కొత్త మంట వేడికి కింది మట్టి కుండలా కాలి ఎర్రబడింది. ఎన్నిసార్లు పొంగిందో ఎర్రగీతలు చూసి చెప్పొచ్చని ఆఫీసరు అనేవాడట. ఒక పొంగుకూ ఇంకో పొంగుకూ మధ్య ఎన్నేళ్లని నేను అడిగాను. అది ఆయనకే తెలియదంది ఆపా. చెట్లు పెరిగి, పడిపోయి, మళ్లీ పెరిగేంత అని మాత్రం అంది.

ఈ ముచ్చట్లన్నీ నేను ఇంట్లో చెప్పేదాన్ని. ఇన్నాళ్లకు కోడలు నోరు విప్పిందని మా అత్త చాట పక్కన పెట్టి మరీ వినేది. కానీ ఒక రోజు విన్నదంతా ఆలోచించుకుని, బావి పని ఆపమని మామగారితో గట్టిగా చెప్పింది. నల్లరాయి కింద మంట ఉంటే, తవ్వేవాళ్ల పిల్లాపాపల గతేమిటని ఆమె భయం. మామగారు ముందు కసిరారు. తరువాత ఆయనకూ గుబులు పట్టుకుంది. తవ్వేవాళ్లకు రేపటి నుంచి రావద్దని చెప్పారు.

నేను చెప్పిన మాటల వల్ల పని ఆగిందని ఆపాతో అంటే, ఆమె ఆఫీసరుకు చెప్పింది. ఆయన మరునాడే మా చేనుకు వచ్చాడు. ఆపా బురఖా వేసుకుని వెంట వచ్చి నా పక్కన నిలబడింది. ఆయన తెలుగు అంతంతమాత్రం. బావిలోకి దిగి, ఒక పక్క బయటపడ్డ నల్లరాయి మీద చెయ్యి పెట్టి, మామగారిని కూడా పెట్టమన్నాడు. రాయి చల్లగా ఉంది.

పైకి వచ్చి మా అత్తకు దండం పెట్టి, "అమ్మా, మంట లేదు. సచ్చింది. బహుత్ పాతది," అన్నాడు.

మిగతాది ఆయన ఉర్దూలో చెబుతుంటే ఆపా నాకు, నేను మా అత్తకు చెప్పాం. చుట్టూ ఉన్న తెల్లబండ అన్నిటికన్నా పాతది. అది ఎప్పుడో పగిలింది. ఆ పగులులోకి కింది నుంచి కరిగిన రాయి ఎక్కి, అక్కడే గడ్డకట్టి ఈ నల్ల వరస అయింది. పడమటి దిక్కు మిట్ట మంట వేరు, ఈ మంట వేరు. ఇది దానికి ముత్తాతల నాటిది. మనిషి పుట్టకముందే ఆరిపోయింది.

అప్పుడే ఆయన చేను వాలు చూసి బావి గురించి కూడా ఒక మాట అన్నాడు. ఈ నల్లరాయి గోడలాగా లోతుకు దిగి ఉంది. వాననీళ్లు భూమి లోపల కూడా ఎగువ నుంచి దిగువకే పోతాయి. పోయి పోయి ఈ గోడకు ఆగుతాయి. మీరు గోడకు దిగువన తవ్వుతున్నారు, ఎగువన తవ్వి చూడండి అని. నీళ్లు తప్పకుండా పడతాయని చెప్పలేనని, తానైతే అక్కడే తవ్వేవాణ్ణని అన్నాడు. రెండేళ్ల కష్టం ఆ గుంతలో ఉంది. మామగారు కొన్నాళ్లు చేనుకే పోలేదు. ఒక పొద్దున తానే గడ్డపార తీసుకుని పోయి, వరసకు ఎగువన నాలుగు మూలలా గుర్తులు కొట్టి వచ్చారు.

ఆ రోజుల్లోనే ఒకనాడు నేను డేరా దగ్గర ఉన్నప్పుడు ఆపా నా తల చూసి, జుట్టు ఇట్లా చింపిరిగా వదిలేశావేమని అడిగింది. కాన్పు తరువాత నూనె పెట్టుకోవాలనిపించలేదన్నాను. ఆమె నన్ను ముందు కూర్చోబెట్టుకుని, నూనె వెచ్చచేసి తలకు పట్టించడం మొదలుపెట్టింది. ఎందుకో అప్పుడు చెప్పాలనిపించింది. బిడ్డను నాకు చూపించలేదని చెప్పాను. ముక్కు ఎవరిదో, రంగు ఎవరిదో తెలియదని చెప్పాను. ఆపా చేతులు ఆగలేదు. చిక్కులు తీస్తూనే ఉంది.

"నాకు ముగ్గురు," అంది. "ముగ్గుర్ని చూసిన. చూస్తే బాధ తక్కువైతదనుకోకు. అయితే ఒక్కటి. నేను వాళ్లకు పేర్లు పెట్టుకున్న. నువ్వు గూడ పెట్టుకో. ఎవ్వరికి చెప్పకు. నీకు తెలిస్తే సాలు."

నేను ఆమె మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. బిడ్డ పోయిన నాటి నుంచి నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు వచ్చింది. ఆమె జడ అల్లి, కొసన ముడి వేసి, ముఖం కడుక్కోమని చెంబు అందించింది. ఇంటికి పోతూ దారిలో బిడ్డకు పేరు పెట్టాను. ఆ పేరు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

డేరాలు ఎత్తేసే వారంలో కొత్త బావిలో తడి తగిలింది. ముందు నల్లరాయి అంచున మొరం నల్లబడింది. తరువాత బురద, ఆ పై బురదనీళ్లు. అది పొంగి పొర్లే నీరేమీ కాదు. అయినా మామగారు గట్టు మీద కూర్చుని చాలాసేపు అట్లాగే చూశారు. మా అత్త ఆపాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. అప్పటిదాకా మా అత్తకు మడి పట్టింపు ఉండేది. డేరా నుంచి తెచ్చిన పాలచెంబును బయటే కడిగి లోపల పెట్టేది. ఆ రోజు మాత్రం మా ఇంటి కంచంలో ఆపాకు అన్నం పెట్టి, పక్కన కూర్చుని తిన్నది.

వాళ్లు వెళ్లిపోయాక కూడా రాకపోకలు పోలేదు. ఈ దిక్కుకు ఎప్పుడు వచ్చినా ఆపా మా ఇంట్లో ఒక పూట ఉండి పోయేది. నాకు కూతురు పుట్టినప్పుడు తాము కాపురముండే పట్నం నుంచి పచ్చ మఖ్మల్ కుల్లాయి కుట్టి తెచ్చింది. కొన్నేళ్లకు ఆఫీసరు పోయాడని తెలిసి, నేనూ మా అత్తా బండి కట్టించుకుని పట్నం పోయాం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మా అత్త ఆమె పక్కన చేరి, సాయంత్రం దాకా చెయ్యి వదలలేదు.

ఆ తరువాత మంచి రోజులు రాలేదు. నిజాం రాజ్యం పోవడానికి ముందు ఏడాదంతా మా పల్లెల్లో ఎవరు ఏ దిక్కు నుంచి వస్తారో తెలియక ధాన్యం గుంతల్లో దాచుకున్నాం. తరువాత పట్నంలోకి ఫౌజు, అంటే సైన్యం, వచ్చిందన్నారు. భయం పోలేదు, పక్క మార్చుకుంది. మాతో కలిసి నాట్లు వేసిన తురక ఇళ్లవాళ్లు తలుపులు మూసుకుని కూర్చున్నారు. అట్లాంటి ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఎడ్లబండి ఆగింది. ఆపా దిగింది. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నారు. పుట్టినూరున్న పడమటి దిక్కు నుంచి మంచి కబుర్లు లేవు, అక్కడ ఉన్న తమ్ముడు ఎట్లా ఉన్నాడో తెలియదు. ఎక్కడికి పోవాలో తోచక మా దగ్గరికి వచ్చింది. వెంట ఒక్క ఇనుప పెట్టె. దాన్ని దించడానికి మా ఆయనా బండివాడూ కలిసినా చాలా అవస్థ పడ్డారు.

ఆ బరువు వాడంతా చూసింది. మరునాటికే మా ఇంట్లో బంగారం దాచారని మాట పుట్టింది. ముగ్గురు మనుషులు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. తెలిసినవాళ్లే, చెడ్డవాళ్లు కూడా కాదు. కాలం అట్లా ఉంది. ఆమె మీకేమవుతుంది, ఎందుకు పెట్టుకున్నారు, పెట్టెలో ఏముందని అడిగారు. లోపల ఆపా లేచి, తాను వెళ్లిపోతానని నా చెయ్యి విడిపించుకోబోయింది.

మా అత్త వాకిట్లోకి పోయింది. "నా బిడ్డ," అంది. "పెద్దబిడ్డ. పెనిమిటి పోయిండు, తల్లిగారింటికి వచ్చింది. పెట్టె తెరుస్త, సూస్కోండ్రి."

ఆపా తాళంచెవి ఇచ్చింది. పెట్టె నిండా పాత దుపట్టా ముక్కల్లో చుట్టిన రాళ్లు. ఒకాయన ఒక మూట విప్పాడు, ఇంకోటి విప్పాడు. నల్లరాయి, బుడగల గుంతల్లో తెల్లగా మెరిసే రాయి, కుండపెంకులాంటి ఎర్రమట్టి గడ్డ. ఇవి రాళ్లే కదా అన్నాడు.

"రాళ్లే. ఆమె పెనిమిటి బతుకంత ఏరినయి. సొమ్ములు ఇడిసి గివి మోసుకొచ్చింది. ఇగ పోండ్రి."

వాళ్లు మూటలు మళ్లీ చుట్టి పెట్టి వెళ్లిపోయారు. అందులో ఒకాయన భార్య సాయంత్రం ఆకుకూర తెచ్చి ఇచ్చింది. మా అత్త తీసుకుంది.

చలికాలం దాకా ఆపా మాతోనే ఉంది. మా అమ్మాయికి జడలు వేసేది, ఉర్దూ అక్షరాలు దిద్దించేది. మామగారి కోసం రొట్టెలు పలుచగా చేసేది. చివరకు తమ్ముడు బతికే ఉన్నాడని, దారులు బాగుపడ్డాయని కబురు వచ్చింది. నేను, మా ఆయన, మా అమ్మాయి ఆమెను దింపడానికి రైలెక్కాం. స్టేషన్‌కు తమ్ముడు బండి తెచ్చాడు. అక్కను చెయ్యి పట్టి బండి ఎక్కించాడు. ఇంటి కప్పు సగం కాలిపోయి ఉంది. మా ఆయన రెండు రోజులు అక్కడే ఉండి వాసాలు ఎత్తడంలో సాయం చేశాడు.

మేం బయలుదేరే ముందు రోజు ఆపా మమ్మల్ని వాగు దగ్గరికి తీసుకుపోయింది. ఒడ్డు కోసుకుపోయిన చోట ఆమె చెప్పినట్టే నల్లపొర, ఎర్రగీత, నల్లపొర. మా అమ్మాయి ఎర్రమట్టి గోటితో గీకి, వేలికి అంటిన రంగు చూసుకుంది. ఒకచోట నల్లరాయి పైభాగం పేనిన తాడులా ముడతలు పడి ఉంది. పారుతూ పారుతూ పైపైన మీగడ కట్టినట్టు చల్లారితే అట్లా అవుతుందని ఆపా చెప్పింది. నేను దాని మీద చెయ్యి పెట్టాను. రాయి పారిందన్న మాట నేను అన్నాళ్లూ ఆమె మీద ఇష్టంతోనే నమ్మాను. ఆ ముడతలు తడిమాక, అది నిజమని నాకు తెలిసింది.

అక్కడి నుంచి జొన్నచేలలో పడి నడిచాం. ఎక్కుతున్నామని నాకు తెలియలేదు. గుట్ట ఎక్కడని అడగబోతుంటే ఆపా వెనక్కి చూడమంది. తమ్ముడి బండి, ఎడ్లు, కాలిన ఇల్లు చాలా కిందుగా, చిన్నగా కనబడ్డాయి. ముందర నడినెత్తిన పల్లం, అడుగున కాసిన్ని నీళ్లు, చుట్టూ పచ్చగడ్డి. ఆఫీసరు దీన్ని మంటగుట్ట అని చివరిదాకా నమ్మాడు గానీ, ఖాయమని ఎన్నడూ అనలేదట. ఇంకో మనిషి వచ్చి చూసి తేల్చాలి అనేవాడట.

మా అమ్మాయి మంట మళ్లీ వస్తుందా అని అడిగింది.

"రాదు బిడ్డా. దాని పని అయిపోయింది," అంది ఆపా, గడ్డి మీద కూర్చుంటూ. "ఇగ మన జొన్నలు పండుతయి."

ఆమె కొంగు ముడి విప్పి, దారికని తెచ్చిన రొట్టెలు తీసింది. వాటిలో ఉల్లిగడ్డ కారం పెట్టి మా ముగ్గురికీ పంచింది. గాలి చల్లగా వీస్తోంది. పల్లంలో ఒక బర్రె మోకాలిలోతు నీళ్లలో నిలబడి మమ్మల్నే చూస్తోంది.